వియ్యపురాలి టైంటేబులు

కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు గది కొనేవాళ్ళది, వెనక గది ఆమెది. కిటికీ లేని ఆ గదిలో ఒక కటింగ్ మిషను, ఒక పెద్ద దీపం, గోడ పొడుగునా ట్రేలు. ఒక్కో ట్రేలో ఒక ఫ్రేము, ఒక చీటీ, రెండు గుండ్రటి అద్దాలు. అద్దం నడుమ చుక్క పెట్టి, మిషనులో బిగించి, ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచుని బొటనవేలితో తడిమి చూసి ఫ్రేములో కూర్చడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా రోజుకి తొమ్మిది గంటలు నిలబడే చేస్తోంది. గోళ్ళ కింద చేరిన తెల్లటి పిండి ఎంత కడిగినా పోదు. యజమాని దగ్గర్నుంచి గది తుడిచే మనిషి దాకా అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. పొట్టి మనిషి. నలభై తొమ్మిదేళ్ళు. మాట కాస్త దురుసు. భర్త సిటీ బస్సు డ్రైవరు. వాళ్ళకి ఒక్కతే కూతురు.

ఆ కూతురి పెళ్ళప్పుడు అద్దాలక్క అన్నిటికీ సిద్ధపడింది, ఒక్కదానికి తప్ప. అత్తగారు గయ్యాళిదైతే ఎలా మాట్లాడాలో, సాధింపులు మొదలైతే ఎప్పుడు కలగజేసుకోవాలో, పిల్ల ఏడుస్తూ తిరిగొస్తే ఏ గది ఖాళీ చేసి ఇవ్వాలో, అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? తీరా చూస్తే ఆ అత్తగారు మంచిదైపోయింది. దానికి మాత్రం ఆమె దగ్గర ఏ ఏర్పాటూ లేదు.

వియ్యపురాలు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. వయసులో మూడేళ్ళు పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, వెడల్పాటి భుజాలు, కొలను అవతలి గట్టుకి కూడా వినపడే నవ్వు. వంక పెడదామంటే ఆవిడలో వంక దొరకదు. అదే అద్దాలక్కకి పెద్ద వంకగా కనిపించింది. పైగా తన పిల్లకి తను పెట్టుకున్న ముద్దుపేరు "చిట్టి", పెళ్ళయిన మూడో నెలకే ఆవిడ నోట్లోకి వెళ్ళిపోయింది. "చిట్టీ, ఆ తువ్వాలు ఇలా అందుకో" అని ఆవిడ పిలవడం, పిల్ల "వస్తున్నా అత్తయ్యా" అని పరిగెత్తడం చూసిన రోజున అద్దాలక్క తాగుతున్న మంచినీళ్ళు గొంతులో అడ్డం తిరిగాయి.

"పిల్ల సుఖంగా ఉంటే నీకేం నొప్పి?" అన్నాడు డ్రైవరుగారు.

"నాకేం నొప్పి? సంతోషమే," అందామె, చేతిలో గిన్నె టపీమని పెట్టి.

ఒక ఆదివారం కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తలుపు మీద కొత్తగా ఒక కాగితం కనిపించింది. గళ్ళు గీసి, రోజులూ అంకెలూ వేసి, ఎరుపు, ఆకుపచ్చ రంగులు పులిమి ఉంది. అక్షరాలు కూతురివి. ఆ గుండ్రటి చేతిరాతని అద్దాలక్క చీకట్లోనైనా పోల్చుకోగలదు.

"ఇదేంటే?"

"అత్తయ్య టైంటేబులమ్మా. యాభై కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చారు. మారథాన్ అంటే నలభై రెండు కదా, దానికి మించితే అల్ట్రా అంటారు. ఇంకా తొమ్మిది నెలలుంది. ఏ రోజు ఎంత పరిగెత్తాలో అన్నీ చదివి నేనే తయారుచేశాను. ఎరుపైతే వేగంగా, ఆకుపచ్చైతే నెమ్మదిగా."

అద్దాలక్క ఆ కాగితం వంక చూస్తూ నిలబడింది. ఎంత ఓపిగ్గా గీసిందో! తనకి ఈ పిల్ల ఎన్నడైనా ఒక్క గీత గీసి ఇచ్చిందా?

"మీరూ రండి వదినగారూ, సరదాగా ఉంటుంది," అంది ఈతటీచరు వంటగది లోపలి నుంచి.

"వస్తాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అద్దాలక్కకి ఒక క్షణం తర్వాత తెలిసింది. కూతురు ఫక్కున నవ్వింది. "నువ్వా? అమ్మా, నాన్న బస్సు ఆపుతాడులే అని నువ్వు స్టాపుకి కూడా తీరిగ్గా నడిచి వెళ్తావు!" అందరూ నవ్వారు. అద్దాలక్క కూడా నవ్వింది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని, ఫోను తీసి, ఆ పరుగుకి పేరు నమోదు చేయడం మొదలుపెట్టింది.

పక్క సీట్లో ఉన్న భర్త తొంగిచూశాడు. "యాభై కిలోమీటర్లంటే ఎంతో తెలుసా? మా రూట్లో రెండు ట్రిప్పులు."

"తెలుసు."

"మా బస్సుకి ఇంజనుంటుంది."

ఆమె ఆఖరి గడి నింపింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఏటి గట్టు మీది బాటకి వెళ్ళింది. మొదటి దీపస్తంభం నుంచి మూడో దీపస్తంభం వరకూ పరిగెత్తేసరికి ఊపిరి ఈల వేసింది. నడుము పట్టుకుని వంగి నిలబడితే, ముసలి కుక్కని నడిపించుకుంటూ ఒకాయన ఆమెను దాటుకుని వెళ్ళిపోయాడు. ఆ కుక్క వెనక్కి తిరిగి జాలిగా చూసినట్టనిపించింది. ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఇదంతా ఎవరికోసం అనుకుంది. వెంటనే ఫ్రిజ్ మీది కాగితం కళ్ళ ముందుకొచ్చింది. మరునాడు నాలుగో స్తంభం దాకా వెళ్ళింది.

మొదటి రెండు నెలలూ భర్తకి తప్ప ఎవరికీ తెలియకుండా గడిపింది. ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగలిగిన రోజున కూతురికి ఫోను చేసింది. "మీ అత్తగారి టైంటేబులు ఫొటో తీసి నాకూ పంపవే."

"నిజంగానే పరిగెత్తుతున్నావా అమ్మా?" కూతురు నమ్మలేనట్టు అడిగింది. "కొత్తగా మొదలుపెట్టావు కదా, ఆవిడది నీకు ఎక్కువవుతుంది. నీకు వేరే రాసిస్తాను."

"వేరే వద్దు. ఆవిడదే పంపు."

అసలు సంగతి చెబితే, అద్దాలక్క ఆ టైంటేబులుని అనుసరించలేదు. దాన్ని మించింది. దాని మీద నాలుగు వందల మీటర్లు వేగంగా ఆరు సార్లు అని ఉంటే, తను ఏడు సార్లు పరిగెత్తేది. ఆదివారం పన్నెండు కిలోమీటర్లని ఉంటే పదమూడు. గురువారం విశ్రాంతి అని ఉంటే, ఆ రోజు దుకాణానికి బస్సులో కాకుండా పరిగెత్తుకుంటూ వెళ్ళి, వెనక గదిలో చెమట చొక్కా మార్చుకునేది. ఏడోసారికి కాళ్ళు సీసపు ముద్దలయ్యేవి, నోట్లో ఇనుము రుచి వచ్చేది. అయినా ఏడోది ఉండాల్సిందే. ఆ ఒక్కటీ ఆవిడ దగ్గర లేదు, తన దగ్గరుంది.

గుట్ట ఎక్కుతూ పరిగెత్తే వ్యాయామం కూడా ఆ కాగితంలో ఉంది. దుకాణం చుట్టుపక్కల గుట్ట లేదు గానీ, ఎదురుగా ఐదంతస్తుల కార్ల పార్కింగ్ ఉంది. సాయంత్రం పని దిగాక ఆ ఏటవాలు దారిలో మెలికలు తిరుగుతూ పై అంతస్తుకి పరిగెత్తి, దిగి, మళ్ళీ ఎక్కేది. నాలుగోసారి ఎక్కుతుంటే కాపలాదారు ఎదురొచ్చాడు.

"అక్కా, కారెక్కడ పెట్టారో మర్చిపోయారా? నంబరు చెప్పండి, నేను వెతుకుతాను."

"నాకు కారు లేదు బాబూ."

అతను దారి వదిలి పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆమెను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆదివారాలు డ్రైవరుగారు సైకిలు మీద నీళ్ళసీసాలు వేసుకుని వెంట వచ్చేవాడు. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నీళ్ళు తెచ్చాను, కాసేపు నిలబడవే," అనేవాడు. ఆమె నిలబడేది కాదు. ఒకనాడు ఆమె కుంటడం గమనించి ఆయన సైకిలు దిగాడు.

"ఆవిడ పాతికేళ్ళుగా నీళ్ళలో కాళ్ళాడించిన మనిషి. నువ్వు ఆవిడ కంటే ఒకటి ఎక్కువ, ఒకటి ఎక్కువ అంటూ పోతున్నావు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది."

"ఆవిడ పులీ, నేను నక్కనా?"

"అబ్బే, సామెతలో ఉన్నదే చెప్పాను," అని ఆయన మళ్ళీ సైకిలెక్కేశాడు.

నక్కకి వాత పడనే పడింది. ఐదో నెలలో మోకాలి కింద ముందు ఎముక పొడుగునా నొప్పి మొదలై, మెట్లు దిగడం కష్టమైంది. రెండు వారాలు పరుగు మానుకోమన్నాడు డాక్టరు. ఆ రెండు వారాలే ఆమెకి నరకం. పరుగుల లెక్క చూపించే యాప్ ఒకటి కూతురు ఆమె ఫోనులో పెట్టిచ్చింది. అందులో వియ్యపురాలి పరుగులన్నీ కనిపిస్తాయి. అద్దానికీ అద్దానికీ మధ్య అద్దాలక్క చేతులు తుడుచుకుని ఫోను తీసి చూసేది. మంగళవారం తొమ్మిది. గురువారం పదకొండు. ఆదివారం ఇరవై. దాని కింద కూతురు రాసిన మాట: "శభాష్ అత్తయ్యా!" ఆ మాట పక్కన ఎర్రటి గుండె బొమ్మలు, ఒకటి కాదు, మూడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అదే ఊపులో మిషనులో అద్దం బిగించింది. బిగించింది కుడి అద్దం, పెట్టిన ఆకారం ఎడమది. ఇరవై రెండేళ్ళలో అలాంటి పొరపాటు ఆమె చేయలేదు. యజమాని వచ్చి, చెడిపోయిన అద్దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "ఒంట్లో బాగాలేదా అక్కా?" అని మెల్లగా అడిగాడు. తిట్టినా బాగుండేది.

కాలు నయమయ్యాక వియ్యపురాలే ఫోను చేసింది. "వదినగారూ, వచ్చే ఆదివారం ముప్ఫై ఉంది. ఒంటరిగా విసుగు. కలిసి వెళ్దామా?" తొడలు ఒరుసుకోకుండా రాసుకునే మైనం డబ్బా ఒకటి, వేళ్ళు విడివిడిగా ఉండే మేజోళ్ళు ఒక జత కూడా పంపింది. ఆ మేజోళ్ళు ఎంత హాయిగా ఉన్నాయంటే, అద్దాలక్క తొడుక్కున్న ప్రతిసారీ ఆవిడని తిట్టుకునేది.

ఇద్దరూ ఏటి గట్టు మీద పొద్దున్నే బయల్దేరారు. ఈతటీచరు పరిగెడుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. కొలనులో దిగనని మొండికేసిన పిల్ల గురించి, కొడుకు చిన్నప్పటి అల్లరి గురించి, చిట్టి కొత్తగా కొన్న కర్టెన్ల గురించి. ఒక్క చోట కూడా ఊపిరి అందక ఆగలేదు. అద్దాలక్క "ఊఁ" అనడానికే ఒక అడుగు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. అయినా పక్కన అరడుగు ముందే ఉండేలా చూసుకుంది. ఆవిడ వేగం పెంచితే తను పెంచింది. ఆవిడ తగ్గిస్తే తను తగ్గించలేదు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కడుపులో తిప్పడం మొదలైంది. ఇరవై మూడు దగ్గర బాట పక్కనున్న పొదల్లోకి వంగి, తాగిన నీళ్ళూ తిన్న అరటిపండూ కక్కేసింది.

ఈతటీచరు ఆమె నుదురు పట్టుకుంది. "పర్వాలేదు, పర్వాలేదు, అంతా రానివ్వండి," అంటూ వీపు నిమిరింది. చల్లటి పెద్ద చెయ్యి. ఆ చేతిని విదిలించుకోవడానికి కూడా అద్దాలక్కకి ఓపిక లేకపోయింది.

అక్కడికి దగ్గర్లోనే వంతెన కింద కూతురు పళ్ళతో, నీళ్ళతో ఎదురుచూస్తోంది. ఎంతకీ వీళ్ళు రాకపోయేసరికి ఎదురు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది అత్తయ్యా? మీకేం కాలేదు కదా?"

"నాకేం కాలేదే చిట్టీ, అమ్మకి."

అప్పుడు చూసింది పిల్ల, పొద పక్కన నేల మీద కూర్చున్న తల్లిని. నిజానికి పొద అడ్డంగా ఉంది, ముందు కనిపించింది ఆవిడే. అది అద్దాలక్కకీ తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆ రోజు ఇంటికి వెళ్ళాక భర్త నీళ్ళు కాచి ఉప్పు కలిపి పెట్టాడు. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

"నీ కడుపుమంటకి యాభై కిలోమీటర్లు చాలవు," అన్నాడాయన, నీళ్ళలో మరికాస్త ఉప్పు వేస్తూ.

పరుగుకి మూడు వారాలుందనగా ఒక సాయంత్రం వియ్యపురాలు ఆమెను కొలనుకి పిలిచింది. నీళ్ళలో నడిస్తే కాళ్ళ బిగువు పోతుందట. క్లోరిన్ వాసన, తడి టైల్సు, గోడకి తగిలి మోగే పిల్లల కేకలు. క్లాసు అయిపోయాక ఈతటీచరు గట్టు మీద కూర్చుని కుడి పాదం నీళ్ళలో వేలాడేసింది.

"వదినగారూ, మీకొక్కరికే చెప్తున్నా. పది రోజులుగా ఈ పాదం మీద నొప్పి. ఇక్కడ నొక్కితే ప్రాణం పోతోంది. చిట్టికి చెప్పకండి, కంగారు పడుతుంది. మూడు వారాలే కదా, లాగించేస్తాను."

అద్దాలక్క వంగి ఆ పాదం చూసింది. కాస్త ఉబ్బి ఉంది. "అయ్యో," అంది. ఆ అయ్యో కింద ఏదో తియ్యగా కదిలింది. ఆకలిగా ఉన్నప్పుడు పక్కింటి పొయ్యి మీంచి వాసన వచ్చినట్టయింది ఆమెకి. ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. చాలా నెలల తర్వాత ఆదమరిచి నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వెనక గది తలుపు వేసుకుని కూతురికి ఫోను చేసింది. చెప్పొద్దన్న మాట చెప్పేస్తున్నానన్న సంకోచం ఆమెకి రాలేదు. "నీకు చెప్పొద్దన్నారు గానీ, నా మనసు ఒప్పుకోవడంలేదే," అని మొదలుపెట్టి పాదం సంగతంతా చెప్పింది. ఏం జరుగుతుందో ఆమెకి స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. పిల్ల అత్తగారిని మందలిస్తుంది. పరుగు మానిపిస్తుంది. ఇక మిగిలేది తనే.

సరిగ్గా అలాగే జరిగింది, ఇంకాస్త ఎక్కువగానే. స్కానింగ్ తీస్తే పాదం ఎముకలో వెంట్రుకంత చీలిక బయటపడింది. దాని మీద యాభై కిలోమీటర్లు పరిగెత్తితే ఎముక రెండు ముక్కలయ్యేదన్నాడు డాక్టరు. పాదానికి నాలుగు వారాలు కట్టు, చంకల కింద కర్రలు, మొత్తం ఆరు వారాల విశ్రాంతి.

కూతురు ఏడుస్తూ ఫోను చేసింది. "నువ్వు చెప్పబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే ఏమయ్యేదో! ఆవిడ వద్దన్నా ఆగకుండా చెప్పావు. నీది ఎంత మంచి మనసమ్మా!"

అద్దాలక్క ఫోనుని ఒక చెవి నుంచి రెండో చెవికి మార్చుకుంది. ఏడాదిన్నరగా ఎదురుచూసిన మెప్పు అది. తీరా చేతికొచ్చాక చూస్తే దొంగ సరుకు.

ఆపైన కూతురు వారం రోజులు సెలవు పెట్టి అత్తగారి పక్కనే ఉండిపోయింది. తల దువ్వడం, కాలి కింద దిండ్లు సర్దడం, కుర్చీ తీసుకెళ్ళి బాల్కనీలో వేయడం. చూడటానికి వెళ్ళిన అద్దాలక్క గుమ్మంలోనే గ్రహించింది: కాలు విరిగినా పైచేయి ఆవిడదే. ఫ్రిజ్ మీది కాగితం తీసేసి ఉంది. యాప్‌లో ఆవిడ పేరు కింద ఒక్క అంకె కూడా లేదు.

అంకె లేకపోతే ఒకటి కలపడం ఎలా? మిగిలిన రెండు వారాలూ అద్దాలక్క కాళ్ళు మాట వినలేదు. ఏటి గట్టు మీద ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తడానికి రెండుసార్లు ఆగింది. ఇన్నాళ్ళూ తనని లాక్కుపోయింది ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఇక ఎందుకు వెళ్ళాలి? మానేస్తానని భర్తతో చెప్పింది.

"మానెయ్," అన్నాడాయన. "మీ వియ్యపురాలు ఏమీ అనుకోదులే. పాపం, ఎలాగూ చెయ్యలేరు అనుకుంటుంది, అంతే."

ఆమె లేచి బూట్లు కట్టుకుంది.

పరుగు ఊరి బయట పెద్ద జలాశయం చుట్టూ. ఒక చుట్టు పాతిక కిలోమీటర్లు, అలా రెండు. తొమ్మిది గంటల్లో పూర్తి చేయాలి, లేకపోతే పరుగు లెక్కలోకి రాదు. పొద్దు పొడుస్తుండగా మూడు వందల మంది కదిలారు. మొదటి చుట్టు నాలుగు గంటల్లో ముగిసింది. రెండో చుట్టులో ఎండ మీదికొచ్చింది, మట్టిబాట మీద నీడ లేదు. ముప్ఫై దాటాక కుడి బొటనవేలి గోరు బూటు లోపల కదులుతున్నట్టు తెలిసింది. ముప్ఫై అయిదు దగ్గర పిక్క పట్టేసి, గట్టు మీదున్న రాయిని కౌగిలించుకుని నిలబడింది. పరిగెత్తడం, నడవడం, మళ్ళీ పరిగెత్తడం. ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కలు ఉప్పులో అద్దుకుని మింగింది.

ముప్ఫై ఎనిమిది దగ్గర మంచినీళ్ళ గుడారం. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో వియ్యపురాలు కూర్చుని ఉంది, పక్కన చంక కర్రలు. కూతురు ఆవిడ తల మీదికి గొడుగు సర్దుతోంది. ఆ దృశ్యం చూడగానే పిక్క నొప్పిని మించిన నొప్పి ఒకటి గుండెలో చురుక్కుమంది. కూతురు "అమ్మా!" అంటూ వచ్చి సీసా లాక్కుని నీళ్ళు నింపడానికి పరిగెత్తింది. అద్దాలక్క ఎదురు కుర్చీలో కూలబడింది.

ఆ ఎండలో, ఆ అలసటలో ఆమెకి దాచుకునే ఓపిక కూడా మిగల్లేదు. "వదినగారూ, ఆ రోజు మీ పాదం సంగతి పిల్లకి చెప్పింది మీ మీద ప్రేమతో కాదు. కుళ్ళుతో చెప్పాను."

"తెలుసు," అంది ఈతటీచరు.

"తెలుసా?"

"గట్టు మీద మీరు అయ్యో అన్నప్పుడే తెలిసింది. ఎంత సంతోషంగా అన్నారో! నేను రోజూ పిల్లల అబద్ధాలు వినే మనిషిని."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మీరు చూడ్డానికి వచ్చిన రోజున నేను నిద్రపోతున్నట్టు నటించి పడుకోలేదూ!" ఆవిడ నవ్వలేదు. కట్టు కట్టిన పాదాన్ని కాస్త ముందుకి జరుపుకుంది. "డాక్టరు ఆ చీలిక చూపించాక సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది. అది పాదం నయమయ్యాక పరిగెత్తి తీర్చుకుంటాను. ఇక లేవండి, పన్నెండు కిలోమీటర్లకి రెండున్నర గంటలే ఉంది. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేవడం నేను పొద్దున్నుంచి చూళ్ళేదు."

అద్దాలక్క లేచింది. లేవడానికి కుర్చీ చేతులు రెండూ కావాల్సి వచ్చాయి. ఎందుకోగాని, మొట్టమొదటిసారి ఆవిడ నచ్చింది. మంచితనం పక్కన పెట్టి మాట్లాడినందుకు కాబోలు.

నలభై ఏడు దగ్గర్నుంచి ఇంట్లోవాళ్ళెవరైనా తోడు రావచ్చు. కూతురు అక్కడ కాచుకుని ఉండి పక్కన చేరింది. ఇంకా నలభై నిమిషాలుంది. తల్లిని మాటల్లో పెడదామని కాబోలు, గలగలా చెప్పుకుపోయింది. "అత్తయ్య ఎంత బాధపడుతున్నారో తెలుసా, తను లేకుండా పరుగు జరిగిపోతోందని. డాక్టరు వచ్చే వారం కట్టు విప్పుతానన్నాడు. అత్తయ్య అప్పుడే కొలనుకి వెళ్తానంటున్నారు. నేనేమో అత్తయ్యా, వద్దూ..."

"ఆపు."

"ఏంటమ్మా?"

"మీ అత్తగారి సంగతి ఆపు." అద్దాలక్క పరుగు ఆపలేదు. ముక్కలు ముక్కలుగా మాట్లాడింది. "నలభై ఏడు కిలోమీటర్లు పరిగెత్తుకొచ్చాను. నా సంగతి అడుగు."

కూతురు తెల్లబోయింది. పది అడుగులు, ఇరవై అడుగులు. తల్లి అడుగుకి తన అడుగు కలుపుకుంది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "ఎక్కడ నొప్పిగా ఉందమ్మా?"

అద్దాలక్క చెప్పింది. బొటనవేలి గోరు దగ్గర మొదలుపెట్టింది. అరికాలి పొక్కు, ఎడమ మడమ, కుడి పిక్క, తొడల మధ్య ఒరుపు, నడుము, లోపలి బాడీ పట్టీ కోసిన భుజం. ఒక్కొక్కటీ విడివిడిగా, తీరిగ్గా చెప్పింది. పిల్ల ఊఁ కొడుతూ వింది. భుజం దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. "నువ్వు ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది. దానికి ఇచ్చే జవాబు మాత్రం చాలా పెద్దది, మిగిలిన దారి చాలదు. అద్దాలక్క అడుగులు వేసింది.

ఎనిమిది గంటల నలభై ఎనిమిది నిమిషాలకి గీత దాటింది. ఆ రోజు పూర్తి చేసినవాళ్ళలో చివరి నుంచి పదకొండోది. డ్రైవరుగారు ఎదురొచ్చి ఆమె మెడలో వేసిన పతకాన్ని తిప్పి చూసి, "రెండు ట్రిప్పులు, ఎక్కడా బ్రేక్‌డౌన్ లేదు," అన్నాడు. ఆమె ఆయన భుజం మీద తల వాల్చి, నిలబడే కళ్ళు మూసుకుంది.

గోరు రెండు రోజుల తర్వాత ఊడింది. మంగళవారం మళ్ళీ మిషను ముందు నిలబడింది. యజమాని ఒక స్టూలు తెచ్చి వేస్తే వద్దనలేదు.

ఆ తర్వాతి ఆదివారం కూతురు వచ్చింది. పెళ్ళయ్యాక ఒంటరిగా రావడం అదే మొదటిసారి. భోజనం చేసి, తల్లి మంచం మీద అడ్డంగా పడుకుంది. ఆఫీసు గురించి చెప్పింది, కర్టెన్లు కుట్టేవాడు పొట్టిగా కుట్టేశాడని చెప్పింది. అత్తగారి మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. జాగ్రత్తగా, గ్లాసులున్న పళ్ళెం మోస్తున్నదానిలా మాట్లాడుతోంది. అద్దాలక్క బట్టలు మడతపెడుతూ వింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత ఆ జాగ్రత్త చూస్తుంటే పిల్లని తనే ఏదో శిక్షలో పెట్టినట్టనిపించింది.

"మీ అత్తగారి కట్టు విప్పారా?" అంది చివరికి, దుప్పటి కొస అందిస్తూ.

కూతురు చటుక్కున లేచి కూర్చుంది. విప్పారమ్మా, నిన్ననే, అంటూ మొదలుపెట్టింది. డాక్టరు ఏమన్నాడో, ఆవిడ ఆయనకి ఏం సమాధానం చెప్పిందో, మొదటి అడుగు వేసినప్పుడు తను చెయ్యి ఎలా పట్టుకుందో, చేతులు తిప్పుతూ, కళ్ళు మెరుస్తూ చెప్పింది. అద్దాలక్క దుప్పటి రెండో కొస పట్టుకుని వింటూ నిలబడింది. పది నిమిషాల వరకూ ఏమీ కాలేదు. చెయ్యి పట్టుకున్న చోటికి వచ్చేసరికి మళ్ళీ చురుక్కుమంది.

"ఆ కొస సరిగ్గా పట్టుకో," అంది. "ఊఁ, తర్వాత?"